చా సియు బౌ బుట్టలో భయం: హాంకాంగ్ ‘మూడో శ్రేణి’ సినిమాల సమీక్ష

హాంకాంగులోనూ, దాని పక్కనే ఉన్న మకావులోనూ ఉదయంపూట టీ తాగడానికి వెళ్లినవారి బల్ల మీదికి వెదురు బుట్టల్లో ఆవిరి చిమ్ముతూ వచ్చే ఫలహారాల్లో చా సియు బౌ ఒకటి. తియ్యగా, ఎర్రగా కాల్చిన పంది మాంసాన్ని సన్నగా తరిగి, తెల్లటి పిండిలో పొదిగి, ఆవిరి మీద ఉడికించిన మెత్తటి బన్ను అది. మనకు ఇడ్లీ ఎంత మామూలో ఆ ఊళ్లవాళ్లకు అది అంత మామూలు. 1993లో దర్శకుడు హెర్మన్ యౌ తీసిన ఒక సినిమా కాంటనీస్ (హాంకాంగులో మాట్లాడే చైనా భాష) పేరులో ఈ బన్నుకు ముందు ‘నరమాంసపు’ అనే మాట చేరింది. ‘ఎనిమిది మంది అమరుల భోజనశాలలోని నరమాంసపు బన్నులు’ అని ఆ పేరుకు అర్థం. బయటి ప్రపంచానికి అది ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’గా తెలుసు. కాంటనీస్ భాషలో వచ్చిన పెద్దలకు మాత్రమే చిత్రాలలో ఏది చూడదగ్గది, ఏది చూడనవసరం లేనిది అని చెప్పాలనుకున్న ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ ఒక్క సినిమాకే వెళ్తుంది, ఎందుకంటే ఈ తరహా చిత్రాల బలమూ, వాటి సిగ్గుమాలినతనమూ రెండూ ఒకేచోట అంత స్పష్టంగా కనబడే సినిమా నేను మరొకటి చూడలేదు.

ముందుగా ‘మూడో శ్రేణి’ అన్న ముద్ర సంగతి. హాంకాంగులో 1988 నవంబరు 10 నుంచి సినిమాలను మూడు శ్రేణులుగా విభజించే చట్టం అమలులోకి వచ్చింది. మొదటి శ్రేణి అందరికీ, రెండోది పిల్లలకు తగదన్న హెచ్చరికతో, మూడోది 18 ఏళ్లు నిండినవారికి మాత్రమే. 1995లో రెండో శ్రేణిని మళ్లీ రెండుగా చీల్చారు కానీ, మూడో శ్రేణి మాత్రం మొదటినుంచీ అలాగే ఉంది. దాని గుర్తు ఒక త్రికోణం, అందులో రోమన్ అంకెల్లో మూడు. మిగిలిన ముద్రలు సలహాలు మాత్రమే; ఈ త్రికోణం ఉన్న సినిమాకు మాత్రం వయసు నిండనివారిని హాలులోకి రానివ్వడం నేరం. స్థానికులు వీటిని ‘సామ్ కాప్ పిన్’ అంటారు, అంటే మూడో శ్రేణి సినిమా అని అర్థం. మన దేశంలో 1952 చట్టం కింద ఇచ్చే ‘ఎ’ సర్టిఫికెట్టుతో దీనిని పోల్చాలనిపిస్తుంది గాని, ‘ఎ’ వచ్చిన తరువాత కూడా మన సెన్సారు కత్తెర ఆడుతూనే ఉంటుందని మన ప్రేక్షకులకు తెలుసు. హాంకాంగులో మాత్రం, పెద్దవాళ్లు తమకు తెలిసే చూస్తున్నారన్న లెక్కతో, మరెక్కడా తెరకెక్కని దృశ్యాలకు ఈ ముద్ర వీలు కల్పించింది. ఆ వీలును డబ్బు చేసుకోవడానికి నిర్మాతలకు ఎంతో కాలం పట్టలేదు.

ఈ ముద్ర ఒక తరహా సినిమాకు పేరు కాదన్నది గుర్తుంచుకోవాలి. 1997లో కాన్ చిత్రోత్సవంలో వాంగ్ కార్ వైకి ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చిపెట్టిన ‘హ్యాపీ టుగెదర్’ కూడా మూడో శ్రేణిదే. నేరముఠాలోని ఎన్నికల మీద జానీ టో 2005లో తీసిన ‘ఎలక్షన్’ కూడా అదే. ఇక 1991లో వచ్చి పెద్ద వసూళ్లు చేసిన ‘సెక్స్ అండ్ జెన్’ వంటివి శృంగారం అమ్ముకున్న చిత్రాలు, వాటి గురించి ఇక్కడ చెప్పదలచుకోలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో చైనాలో మనుషుల మీద ప్రయోగాలు చేసిన జపాను సైనిక విభాగం యూనిట్ 731 దారుణాల మీద 1988లో వచ్చిన ‘మెన్ బిహైండ్ ది సన్’ ఈ ముద్ర పొందిన తొలి చిత్రాలలో ఒకటే అయినా, అది కాంటనీస్ లోకానికి చెందిన కథ కాదు. నేను చెప్పేది హాంకాంగు, మకావు వీధుల్లో, ఫ్లాట్లలో, వంటగదుల్లో జరిగే నేరకథల గురించి. బ్రూస్ లీ, జాకీ చాన్ ద్వారా మాత్రమే హాంకాంగును ఎరిగిన మన ప్రేక్షకులకు ఆ నగరం ఒక కసరత్తు మైదానంలా, ఎక్కడపడితే అక్కడ ఎగిరి దూకగల విశాలమైన చోటులా కనబడి ఉంటుంది. ఈ సినిమాలలో ఆ నగరం ఊపిరాడని ఇరుకు. చెయ్యి చాస్తే గోడ తగులుతుంది, గోడకు అవతల ఇంకెవరో ఉంటారు. వీటిలో భయం పుట్టేది దయ్యాల వల్ల కాదు, ఆ ఇరుకు వల్లనే; ఆ ఇరుకును చూపించగలిగినవి నిలిచాయి, చూపించలేక శరీరాలను మాత్రమే చూపించినవి తేలిపోయాయి. ఇది నా కొలబద్ద.

‘ది అన్‌టోల్డ్ స్టోరీ’కి మూలం నిజంగా జరిగిన ఘోరం. 1985 ఆగస్టులో మకావులోని హాక్‌సా సముద్రతీరంలో మనుషుల శరీర భాగాలు దొరికాయి. ఒక భోజనశాల యజమాని కుటుంబంతో కలిపి పదిమంది హత్యకు గురయ్యారని తరువాత తేలింది. నిందితుడు మరుసటి సంవత్సరం పట్టుబడి, 1986 డిసెంబరులో జైలులోనే ఆత్మహత్య చేసుకున్నాడు. సినిమా కథ కూడా ఇంచుమించు ఇదే దారిలో నడుస్తుంది. జూదం తగాదాలో హాంకాంగులో ఒకడిని చంపి, గుర్తింపు కార్డు తగలబెట్టి, పేరు మార్చుకుని మకావు చేరిన ఒక వంటవాడు కొన్నేళ్లకు ఒక భోజనశాలకు యజమానిగా కనబడతాడు. పాత యజమాని, అతని భార్యాపిల్లలు ఏమయ్యారో ఎవరికీ తెలియదు. చైనా ప్రధాన భూభాగంలో ఉన్న వాళ్ల బంధువుల దగ్గర నుంచి ఉత్తరాలు వస్తుంటాయి. ఆ ఉత్తరాలు చేతికి అందిన ప్రతిసారీ అతని ముఖంలో కదలాడే చిరాకును కెమెరా ఓపికగా పట్టుకుంటుంది. ఏ కత్తినీ చూపించకుండా మనలో గుబులు మొదలయ్యేది అక్కడే.

దర్యాప్తుకు వచ్చిన పోలీసులకు అతడు బన్నులు పొట్లం కట్టి ఇచ్చి పంపుతాడు. వాళ్లు స్టేషనులో కూర్చుని లొట్టలు వేసుకుంటూ తింటారు. ప్రేక్షకుడికి అనుమానం ఉంది, పోలీసులకు లేదు. సినిమా మధ్యలో వచ్చే ఈ చిన్న సన్నివేశం పేరులోని విశేషణాన్ని ఒక్క నెత్తురు చుక్క చూపించకుండా నిజం చేస్తుంది. అంతకు ముందూ తరువాతా తెర మీద జరిగే నరుకుళ్ల కంటే ఇది ఎక్కువ కాలం గుర్తుంటుంది. రోజూ వెళ్లే హోటలులో వంటింటి తలుపు వెనుక ఏం జరుగుతోందో ఎవరికి తెలుసునన్న భయం ఏ ఊరివాడికైనా అర్థమయ్యేదే. కానీ వీధికి పది భోజనశాలలున్న నగరంలో, ఇంట్లో వంటకు చోటు చాలక రోజూ బయట తినే జనం మధ్య ఆ భయానికి ఉండే పదును వేరు.

సినిమా రెండో సగం అసలు సిసలైనది. వంటవాడు పట్టుబడతాడు, కానీ నేరం ఒప్పుకోడు. అక్కడి నుంచి కథ హంతకుడి క్రూరత్వం మీదనుంచి పోలీసుల క్రూరత్వం మీదికి మళ్లుతుంది. కొడతారు. హతుడి తమ్ముడు అదే జైలులో ఖైదీగా ఉన్నాడని తెలిసి, కావాలనే వంటవాడిని అతని చేతుల్లోకి తోస్తారు. తట్టుకోలేక ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఆసుపత్రిలో చేర్చి, అక్కడ నిద్రపోనివ్వకుండా, చర్మం కింద నీళ్లు ఎక్కిస్తూ, మాట బయటికి వచ్చేదాకా వదలరు. వైద్యం చేయవలసిన చోటు కూడా హింసించే చోటుగానే మిగులుతుంది. అప్పటిదాకా అతన్ని అసహ్యించుకున్న ప్రేక్షకుడికి, ఆ మంచం మీద పడి ఉన్న మనిషి మీద జాలి కలుగుతుంది. కలిగిన మరుక్షణమే, ఒప్పుకోలులో భాగంగా వచ్చే కుటుంబ హత్యల దృశ్యం ఆ జాలిని మన గొంతులోనే నొక్కేస్తుంది. ఈ రెండు దృశ్యాలనూ ఈ వరుసలో పెట్టడం హెర్మన్ యౌ చేసిన గొప్ప పని. జాలికీ అసహ్యానికీ మధ్య మనకు నిలబడడానికి చోటు లేకుండా చేస్తాడు. నిర్మాత, సినిమాలోని పోలీసు అధికారి కూడా అయిన డానీ లీ 1980లలో నిజాయితీగల పోలీసు పాత్రలకు పేరుపడ్డ నటుడు. అటువంటివాడు తన డబ్బుతో, తన ముఖంతో, చట్టం చేతిలోని లాఠీని ఇంత నిర్మొహమాటంగా చూపించడానికి ఒప్పుకోవడం చెప్పుకోదగిన విషయం.

వంటవాడిగా ఆంథనీ వాంగ్ నటన గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈ పాత్రకు ఆయనకు 1994లో 13వ హాంకాంగ్ సినిమా పురస్కారాలలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఒక వంటవాడు మాంసాన్ని ఎలా పట్టుకుంటాడో, కత్తిని ఎలా తుడుస్తాడో, పనిమనిషిని ఎలా కసురుకుంటాడో ఆ చేతులను చూస్తే తెలుస్తుంది. ఆ చేతుల నేర్పు చివరికి వెళ్లి ఆగే చోటు ఏమిటో తెలిసినప్పుడు, మొదట చూసిన మామూలు వంట సన్నివేశాలన్నీ వెనక్కి తిరిగి వచ్చి బాధిస్తాయి. ఆయన ఈ మనిషిని రాక్షసుడిగా చేయలేదు. మాటిమాటికీ అవమానపడి, ఎదుటివాడు తనను చిన్నచూపు చూస్తున్నాడన్న అనుమానంతో కుతకుతలాడే ఒక చిన్న మనిషిగా చేశాడు. మన ప్రేక్షకులు చాలామంది ఆయనను 2002లో వచ్చిన ‘ఇన్ఫర్నల్ అఫైర్స్’లో మర్యాదస్తుడైన పోలీసు అధికారిగా చూసి ఉంటారు, ఆ ముఖమే ఇదని నమ్మడానికి కొంత సమయం పడుతుంది. 2018 నాటి ‘స్టిల్ హ్యూమన్’లో చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషిగా నటించి మరోసారి అదే బహుమతి అందుకున్నాడు. ఈ మూడు సినిమాలనూ వరుసగా చూసినవారికి ఒక నటుడి విస్తృతి అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు.

ఇన్ని చెప్పిన తరువాత తప్పులు కూడా అంతే గట్టిగా చెప్పాలి. పోలీసు స్టేషనులో నడిచే హాస్యం ఈ సినిమాకు పట్టిన తెగులు. అధికారి ప్రతిసారీ ఒక కొత్త అమ్మాయిని వెంటబెట్టుకుని వస్తాడు, కింది ఉద్యోగులు చొంగ కారుస్తారు, ఎమిలీ క్వాన్ పోషించిన మహిళా పోలీసు బో తన ఆడతనాన్ని నిరూపించుకోవలసిన దానిగా నవ్వులపాలవుతుంది. అన్ని వర్గాల ప్రేక్షకులకూ అన్నీ అందించాలన్న ఆనాటి హాంకాంగు వాణిజ్య సూత్రం ఇక్కడ పనిచేసిందని అర్థం చేసుకోగలను గాని, క్షమించలేను. మహిళల మీద హింసను చూపించే విధానం కూడా అంతే. భోజనశాలలో పనిచేసే అమ్మాయి మీద జరిగే దారుణాన్ని కెమెరా అవసరానికి మించి చూస్తుంది; అది భయం కలిగించడానికి కాదు, టికెట్టు కొన్నవాడికి సరుకు అందించడానికి. అన్నిటికంటే నన్ను బాధించేది మరొకటుంది. నిజ జీవితంలో బన్నులలో నరమాంసం కలిసిందన్నది ఊళ్లో పుట్టిన పుకారే తప్ప, రుజువైన విషయం కాదు. చనిపోయినవారిలో చిన్నపిల్లలున్నారు. జరిగి పదేళ్లయినా నిండని ఘోరానికి ఒక పుకారును తొడిగి, దానినే పేరులో పెట్టి అమ్మడం ఆ కుటుంబం బంధువులకు ఎలా తగిలి ఉంటుందో సినిమా ఎక్కడా ఆలోచించలేదు.

‘డాక్టర్ ల్యాంబ్’ దీనికి ఒక ఏడాది ముందు, 1992లో వచ్చింది. డానీ లీ, బిల్లీ టాంగ్ కలిసి తీశారు. 1982లో హాంకాంగును వణికించిన, వాన రాత్రుల కసాయిగా పత్రికలకెక్కిన టాక్సీ డ్రైవరు హత్యలు దీనికి ఆధారం. నలుగురు స్త్రీలు బలైన ఆ కేసు బయటపడింది పోలీసుల తెలివితో కాదు. హంతకుడు ఫిల్ము కడగడానికి ఇచ్చిన ఫొటోలను చూసి దుకాణంలోని వాళ్లు పోలీసులకు చెప్పడంతో. సినిమాలో దర్యాప్తు కూడా ఆ ఫొటోల దుకాణం నుంచే మొదలవుతుంది. హంతకుడిగా సైమన్ యామ్ నటన కొన్నిచోట్ల హద్దు దాటి అరుపుల్లోకి వెళ్తుంది, ఆంథనీ వాంగ్ చూపిన నిగ్రహం ఆయనలో లేదు. అయినా ఈ సినిమాను వదలకుండా చూడాలనడానికి ఒక కారణముంది: ఆ ఇల్లు. తండ్రి, తోబుట్టువులు, వాళ్ల పిల్లలు అందరూ కిక్కిరిసి ఉండే ఒక చిన్న ఫ్లాటు, అందులో తలుపు మూసుకుంటే చాలు ఎవరూ తొంగిచూడని ఒక మూల. వాళ్లంతా ఉద్యోగాలకు వెళ్లిన పగటిపూట అక్కడ ఏం జరిగిందో తెలిశాక, అంతమంది మధ్య ఒక మనిషి అంత ఒంటరిగా ఎలా ఉండగలిగాడన్న ప్రశ్న మనల్ని వదలదు. నీలి వెలుగు, వాన, టాక్సీ అద్దం మీద జారే నియాన్ దీపాల రంగులు – ఛాయాగ్రహణం ఈ తరహా చవక సినిమాల స్థాయికి మించి ఉంది.

బిల్లీ టాంగ్ ఒంటరిగా తీసిన ‘రన్ అండ్ కిల్’ 1993 నాటిది, దీనికి దక్కవలసినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. కెంట్ చెంగ్ ఇందులో గ్యాస్ సిలిండర్ల వ్యాపారం చేసుకునే ఒక లావుపాటి, నెమ్మదైన సంసారి. పెళ్లిరోజున ఇంటికి వచ్చి భార్యను పరపురుషుడితో చూసి, బారులో తప్పతాగి, పక్కన కూర్చున్న అపరిచితురాలితో తన భార్య చచ్చిపోతే బాగుండునన్న అర్థం వచ్చే మాట నోరు జారతాడు. మర్నాటికి ఏమన్నాడో అతనికే గుర్తుండదు. కానీ విన్నవాళ్లు ఆ మాటను బేరంగా తీసుకుని పని పూర్తిచేసి, డబ్బు కోసం వచ్చి నిలబడతారు. నోరు జారిన ఒక్క మాట మనిషిని ఎంత దూరం తరుముకుంటూ పోతుందో ఈ సినిమా మెట్టు మెట్టుగా చూపిస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా ఇంతకంటే కిందికి పోవడానికి లేదనుకుంటాం, ఇంకా కిందికి పోతుంది. ఇందులో చివరి భాగంలో అతని చిన్న కూతురికి సంబంధించిన దృశ్యం ఒకటి ఉంది. నేను చూసిన సినిమాలన్నిటిలో మళ్లీ చూడలేనిది అదొక్కటే. పిల్లలున్నవారు ఈ సినిమాను చూడకపోయినా నష్టమేమీ లేదని నిజాయితీగా చెప్పాలి. చూసినవారికి మాత్రం కెంట్ చెంగ్ ముఖం మరుపురాదు. హాస్యపాత్రలకు పేరుపడ్డ ఆ గుండ్రటి ముఖం మీద భయం, సిగ్గు, చివరకు శూన్యం ఒకదాని వెనుక ఒకటి పరుచుకునే తీరు మన తెలుగు హాస్యనటులకు ఎవరైనా అటువంటి పాత్ర ఇస్తే బాగుండునన్న కోరిక పుట్టించింది.

అదే దర్శకుడు 1994లో తీసిన ‘రెడ్ టు కిల్’ను మాత్రం చూడవద్దని చెబుతాను. మానసిక ఎదుగుదల లేనివారి వసతిగృహంలో జరిగే లైంగిక హింస దాని వస్తువు. చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్లు ఆ వసతిగృహాన్ని తమ మధ్య నుంచి తీసేయమని చేసే గొడవలో ఒక నిజమైన సామాజిక కథ ఉంది. నాలుగు అడుగులు వేసి దర్శకుడు దానిని వదిలేశాడు. మిగిలినదంతా తనను తాను కాపాడుకోలేని ఒక అమ్మాయి వేదనను ప్రదర్శనకు పెట్టడమే. వెలుగునీడల పనితనాన్ని మెచ్చుకునే విమర్శకులు ఉన్నారు, నేను వారితో ఏకీభవించలేను. దీనికి పూర్తిగా భిన్నమైనది 1991 నాటి ‘రికీ ఓ’. జపాను బొమ్మల కథ ఆధారంగా లామ్ ఙాయ్ కాయ్ తీసిన ఈ చిత్రంలో జైళ్లన్నీ ప్రైవేటు వ్యాపారాలైపోయిన కాలంలో ఒక యువకుడు పిడికిళ్లతో ఖైదీలను విడిపిస్తాడు. నెత్తురు ఏరులై పారినా అది రంగునీళ్లలాగే కనబడుతుంది. ఈ సినిమాలకు కొత్తవారు ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

హెర్మన్ యౌ, ఆంథనీ వాంగ్ మళ్లీ కలిసిన 1996 నాటి ‘ఎబోలా సిండ్రోమ్’ను చాలామంది ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ పక్కన కూర్చోబెడతారు. అంతకుముందు ఏడాదే ఆఫ్రికాలోని జైర్ (నేటి కాంగో) దేశపు కిక్విట్‌లో ఎబోలా వ్యాపించి ప్రపంచమంతా వార్తలకెక్కింది. ఆ భయాన్ని వెంటనే అందిపుచ్చుకున్న చిత్రమిది. హాంకాంగులో హత్యలు చేసి దక్షిణాఫ్రికాకు పారిపోయి, అక్కడ ఒక చైనీయుల భోజనశాలలో తక్కువ కూలికి పనిచేసే కాయ్ అనే మనిషికి ఆ వ్యాధి సోకుతుంది. అతను చావడు, ఇతరులకు మోసుకువెళ్తాడు. ఇక్కడ మళ్లీ వంటగది, మళ్లీ మాంసం. వలస వెళ్లిన చోట యజమానులు కుక్కలా చూస్తుంటే అతనిలో పేరుకునే కసిని వాంగ్ అద్భుతంగా పట్టుకున్నాడు. కానీ ఆఫ్రికావాసులను ఈ సినిమా చూపించిన తీరు నన్ను కుర్చీలో నుంచి లేచిపోవాలనిపించేంత బాధపెట్టింది. వాళ్లు ఇందులో మనుషులు కారు, వ్యాధికీ మూఢత్వానికీ గుర్తులు. కథానాయకుడు నీచుడు కాబట్టి సినిమా చూపు కూడా నీచంగా ఉండవచ్చన్న సమర్థన నాకు సరిపోదు. ఆ దృశ్యాలలో అతను లేని చోట కూడా చూపు మారలేదు కదా. నటన కోసం చూడవచ్చు, ఈ అభ్యంతరం మనసులో ఉంచుకుని.

హెర్మన్ యౌ గురించి మరొక మాట. ఇటువంటి సినిమాలు తీసిన ఈ మనిషే లింగ్నాన్ విశ్వవిద్యాలయంలో హాంకాంగు సినిమాల మీద రాజకీయ సెన్సారు గురించి పరిశోధన చేసి డాక్టరేటు పొందాడు. మన కుంగ్‌ఫూ అభిమానులకు తెలిసిన ‘ఇప్ మాన్: ది ఫైనల్ ఫైట్’ను 2013లో తీసిందీ ఆయనే, అందులో ఇప్ మాన్‌గా వేసినది ఆంథనీ వాంగే. శరీరాన్ని ఎంతవరకు చూపించవచ్చు, అధికారాన్ని ఎంతవరకు చూపించవచ్చు అన్న రెండు ప్రశ్నలు ఆయన పనిలో పక్కపక్కనే నడిచాయని తెలిశాక ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’లోని పోలీసు దెబ్బలు నాకు మరింత బరువుగా కనబడ్డాయి. బ్రిటన్, చైనాల మధ్య కుదిరిన 1984 ఒప్పందం ప్రకారం 1997 జూలై 1న చైనాకు అప్పగించబడబోతున్న నగరంలో, రేపు తమను ఎవరు పాలిస్తారో, ఎలా పాలిస్తారో తెలియని జనం కోసం తీసిన సినిమాలు ఇవి. ఆ దిగులంతా వీటిలో నేరుగా ఉందని నేను అనను. కానీ ప్రధాన భూభాగం నుంచి వచ్చే ఉత్తరం, పారిపోవడానికి ఒక ఓడ, మార్చుకున్న గుర్తింపు కార్డు మాటిమాటికీ ఎందుకు వస్తాయో అర్థం కావాలంటే ఆ తేదీ గుర్తుండాలి.

1990ల రెండో సగంలో హాంకాంగు సినిమా పరిశ్రమే కుదేలైంది. దొంగ డిస్కులు, హాలీవుడ్ పోటీ, 1997 నాటి ఆసియా ఆర్థిక సంక్షోభం కలిసి దెబ్బకొట్టాయి. చైనాతో హాంకాంగుకు కుదిరిన 2003 వాణిజ్య ఒప్పందం తరువాత నిర్మాతల చూపు చైనా ప్రధాన భూభాగపు పెద్ద మార్కెట్టు వైపు తిరిగింది. అక్కడ శ్రేణుల విభజనే లేదు, అందరూ చూడదగినదైతేనే విడుదల. అందుచేత త్రికోణం ముద్ర పడే సినిమా తీయడమంటే ఆ మార్కెట్టును వదులుకోవడమే.

అలా వదులుకుని తీసిన వాటిలో 2010 నాటి ‘డ్రీమ్ హోమ్’ నాకు అన్నిటికంటే దగ్గరైనది. దర్శకుడు పాంగ్ హో చియుంగ్, కథానాయిక జోసీ హో. నిర్మాణంలో కూడా ఆమె చెయ్యి ఉంది. సముద్రం కనబడే ఒక ఫ్లాటు కొనుక్కోవాలన్నది బ్యాంకులో ఫోను మీద అప్పులు అంటగట్టే ఒక మామూలు ఉద్యోగిని కల. చిన్నప్పుడు తాను పెరిగిన పాత ఇళ్లను బిల్డర్లు ఖాళీ చేయించడం, తండ్రి జబ్బు, రెండేసి ఉద్యోగాలు చేసి కూడబెట్టిన డబ్బు, చివరి నిమిషంలో ధర పెంచేసిన అమ్మకందారు – వీటన్నిటినీ దర్శకుడు కాలాన్ని ముందుకూ వెనక్కూ మడతపెడుతూ చెబుతాడు. వాటి మధ్యమధ్యలో ఒకే రాత్రి, ఒకే భవనంలో ఆమె చేసే హత్యలు. భవనంలో చావులు జరిగితే ధర పడిపోతుందన్నది ఆమె లెక్క. వినడానికి వెర్రిగా ఉంటుంది, కానీ హాంకాంగులో హత్యో ఆత్మహత్యో జరిగిన ఫ్లాటుకు ధర తగ్గడం నిజమే. హత్యల దృశ్యాలు కొన్ని అవసరానికి మించి వికృతంగా ఉన్నాయి, ముఖ్యంగా ఒక గర్భిణికి సంబంధించినది; అది లేకపోయినా కథకు లోటు ఉండేది కాదు. అయినా ఆమె మీద కోపం రాదు. బ్యాంకు మేనేజరు ముందు కాగితాలు సర్దుకుంటూ కూర్చున్న ఆ అమ్మాయి ముఖంలో, గృహరుణం కోసం తిరిగిన మన హైదరాబాదు మధ్యతరగతి మనిషి తనను తాను గుర్తుపట్టగలడు. ఈ నటనకు స్పెయిన్‌లోని సిట్జెస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఇరుకు గురించి ఈ సినిమాలన్నీ ఇరవై ఏళ్లుగా గొణుగుతున్న మాటను ఇది పైకి అనేసింది.

ఎలా చూడాలన్న విషయం కొంచెం చెప్పాలి. ఏళ్ల క్రితం నేను ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ని మొదటిసారి చూసినది ఎవరో నకలు తీసి అమ్మిన ఒక డిస్కులో. బొమ్మ పచ్చబారి, అడుగున అంచు కోసుకుపోయి, తెర మీదనే అచ్చయిన చైనా అక్షరాలూ ఆంగ్ల అనువాదమూ సగం తెగిపోయి ఉండేవి. ఆ ప్రతిని చూసి ఇది నాసిరకం చిత్రమన్న నిర్ణయానికి వచ్చాను, అది తప్పు. ఇప్పుడు అమెరికాలోని అన్‌అర్త్డ్ ఫిల్మ్స్ ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ని, వినెగర్ సిండ్రోమ్ ‘ఎబోలా సిండ్రోమ్’ను శుభ్రపరిచిన ప్రతులుగా డిస్కుల్లో తెచ్చాయి. తేటగా ఉన్న ప్రతిలో చూసినప్పుడు వంటగది గోడ పలకల తెలుపు, నూనె జిడ్డు, గొట్టపు దీపాల పాలిపోయిన వెలుగు కథలో భాగమని తెలుస్తుంది. దిగుమతి ఖర్చు తక్కువేమీ కాదు. రెండూ కొనలేనివారు మొదటిది కొనుక్కోవాలి. ఇంట్లో పిల్లలుంటే డిస్కును బీరువాలో తాళం వేసి ఉంచాలి, మొహమాటానికి కూడా అతిథులతో కలిసి చూడకూడదు. లైంగిక హింసను చూడలేనివారు ‘డ్రీమ్ హోమ్’ ఒక్కటి చూసి ఆగవచ్చు. అందులోనూ నగ్నత్వం, హింస రెండూ ఉన్నాయన్నది తెలిసి కూర్చోవాలి.

ఏ డిస్కులో చూసినా కాంటనీస్ సంభాషణలతోనే చూడమని నా మనవి. ఆ భాషలో వాక్యం చివర పలికే చిన్న చిన్న అక్షరాల మీద ఆంథనీ వాంగ్ గొంతు కొద్దిగా సాగుతుంది, ఆ సాగులోనే వినయమూ బెదిరింపూ రెండూ ఉంటాయి. పోలీసుల చేతిలో బన్నుల పొట్లం పెట్టి, వేడిగా ఉన్నప్పుడే తినండి అన్నట్టుగా అతను నవ్వేటప్పుడు మాట అర్థం కాకపోయినా ఆ గొంతు వినాలి.